నాన్నగారి 240డి: మార్పులు ఎక్కడి వరకు నప్పుతాయి?

ప్రశ్న: మియాపూర్240డి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా నాన్నగారు కువైట్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న రోజుల్లో, 1982లో కొన్న మెర్సిడెస్ బెంజ్ 240డి ఇప్పుడు నా చేతికి వచ్చింది. డబ్ల్యూ123 తరం కారు, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, నాలుగు గేర్లు, బయట పాలమీగడ రంగు, లోపల ఖర్జూరం రంగు రెక్సిన్ సీట్లు. 1986లో ఉద్యోగం వదిలి తిరిగి వచ్చేటప్పుడు ఆయన సుంకం కట్టి దానిని ఓడలో బొంబాయికి చేర్చి, అక్కడినుంచి తానే నడుపుకొంటూ హైదరాబాదుకు తెచ్చుకున్నారు. కువైట్ బండి కనుక స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఆ రోజుల్లో విజయవాడ రోడ్డు రెండు వరుసలదే కాబట్టి, ముందు లారీ ఉంటే ఎడమవైపు కూర్చున్న నాన్నగారికి ఎదురుగా వచ్చేదేమిటో కనపడేది కాదు. కుడివైపు సీటులో కూర్చున్న అమ్మ తల కొంచెం పక్కకు వంచి చూసి, "ఇప్పుడు పోనివ్వండి" అంటేనే ఆయన లారీని దాటేవారు. అమ్మ ఏమీ అనకపోతే సూర్యాపేట దాకా అదే లారీ వెనకాల వెళ్ళిన ప్రయాణాలు కూడా నాకు గుర్తున్నాయి.

నాన్నగారు పోయి రెండేళ్ళయింది. బండి ఆరేళ్ళుగా షెడ్డులోనే ఉంది. ఇంజను బాగుంది, తాళం తిప్పి, డీజిల్ ఇంజనును ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి స్టార్టు చేస్తే ఇప్పటికీ రెండో ప్రయత్నం అక్కరలేదు. అయితే తలుపుల కింద తుప్పు పట్టింది, పైకప్పు మీద రంగు సున్నం వేసినట్టు పొడిబారింది, డ్రైవరు సీటు ఒక పక్క చిరిగింది. ఎలాగూ పని చేయించాలి కనుక, ఈ సందర్భంలో నా ఇష్టానికి తగ్గట్టు కొన్ని మార్పులు చేసుకొంటే ఏమవుతుందన్న ఆలోచన వచ్చింది.

ఆలోచన వచ్చిన తీరు కూడా చెప్పాలి. జర్మనీ వెళ్ళి వచ్చిన మా బావగారు బండిని చూసి, ఇది అక్కడి టాక్సీల రంగు అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా నిలిచిపోయింది. దానితో మొత్తం బండికి మెరుపు లేని నలుపు వేయించి, క్రోము భాగాలను కూడా నల్లబరచి, పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు బిగించి, సీట్లకు వజ్రాకారపు కుట్టుతో లేత గోధుమరంగు తోలు వేయించి, రేడియో ఉన్న చోట పెద్ద తెర పెట్టించి, ముందు దీపాలకు ఎల్ఈడీ బల్బులు వేయించాలని అనుకున్నాను. స్టీరింగును కుడివైపుకు మార్పించడం గురించి కూడా ఒక గ్యారేజీలో అడిగాను. వాళ్ళు కంప్యూటరులో తయారుచేసి ఇచ్చిన బొమ్మ మొదటి రోజు చాలా నచ్చింది. మూడో రోజు మళ్ళీ చూస్తే, అది ఎవరి బండో నాకు అర్థం కాలేదు.

ఖర్చు ఎంతవుతుందన్నది నా ప్రశ్న కాదు, దానికి సిద్ధపడే ఉన్నాను. అభిరుచి విషయంలోనే సలహా కావాలి. ఇలాంటి బండిలో ఏ మార్పు హుందాగా అమరుతుంది, ఏది ఎబ్బెట్టుగా కనపడుతుంది? నాన్నగారి వస్తువు కనుక అలాగే ఉంచాలన్న మాట ఒక్కటే సమాధానమైతే దానిని కూడా గౌరవిస్తాను. కాని రోజూ నడుపుకోవాలనే కోరిక నాకు ఉంది, అద్దాల పెట్టెలో దాచాలని లేదు.

సమాధానం: చాదర్‌ఘాట్ సీట్లపని

సోదరా, నేను ఇరవై ఏడేళ్ళుగా పాత కార్ల లోపలి పని చేస్తున్నాను. ఇంజనుల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు కాని, సీటు గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పగలను.

మీ బండి సీటు కవరు విప్పితే లోపల ఇప్పటి కార్లలో ఉండే స్పాంజి ఉండదు. ఇనుప స్ప్రింగులు, వాటి మీద రబ్బరు పాలు పట్టించి నొక్కిన పీచు మెత్త ఉంటాయి. ఆ పీచులో మన కోనసీమ వాళ్ళు చూడగానే గుర్తుపట్టే కొబ్బరి పీచు ఉంటుంది. మొదటిసారి అలాంటి సీటు విప్పినప్పుడు నేను ఆ మెత్తను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాను. గాలి ఆడుతుంది కనుక, ఎండాకాలంలో వంద కిలోమీటర్లు నడిపినా వీపు తడవదు. నలభై ఏళ్ళకు ఆ పీచు పొడిగా రాలడం మొదలవుతుంది, అప్పుడు సీటు కూలబడుతుంది. చాలామంది పనివాళ్ళు దానిని పారేసి స్పాంజి కోసి నింపుతారు. సీటు అప్పటికి ఉబ్బి అందంగానే కనిపిస్తుంది, కాని కూర్చున్నవారి ఎత్తు మారిపోయి, తొడ కింద ఆసరా తప్పిపోయి, స్టీరింగుకు మనిషికి ఉన్న పొందిక చెడుతుంది. అందుకని కవరు రంగు గురించి ఆలోచించే ముందు, లోపలి మెత్తను అదే పద్ధతిలో కొత్తది వేయించండి. అలాంటి మెత్తలు ఇప్పటికీ విదేశాలనుంచి తెప్పించుకోవచ్చు.

ఇక వజ్రాకారపు కుట్టు. మీ సీటులో మడతలు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటిగా, గీత గీసినట్టు ఉంటాయి. డాష్‌బోర్డు చూడండి, గాలి వచ్చే జాలీలు చూడండి, బయట రేడియేటరు ముందున్న గ్రిల్లు చూడండి. ఆ బండిలో ఎక్కడ చూసినా తిన్నని గీతలే. వాటి నడుమ ఏటవాలు గళ్ళు వేస్తే కంటికి నిలకడ ఉండదు, కారణం తెలియకపోయినా ఎక్కడో ఏదో గుచ్చుకొంటుంది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. రెండూ వేరువేరు పదార్థాలే అయినా చూడముచ్చటగా ఉండడానికి కారణం మగ్గం మీద ఉన్నప్పుడే నేతగాడు ఆ రెండింటినీ కలిపి ఆలోచించడం. నేసిన తరువాత వేరే చీర అంచు తెచ్చి అతికిస్తే ఆ అందం రాదు.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. పన్నెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి తన డబ్ల్యూ126 ఎస్ క్లాసుకు ఎర్ర తోలు, గళ్ళ కుట్టు కావాలన్నారు. నేను ఆరు వారాలు కష్టపడి కుట్టాను, ఆ పని చూసి గర్వపడ్డాను కూడా. రెండేళ్ళకు ఆయన తిరిగి వచ్చి, పాత కవర్లు ఉన్నాయా అని అడిగారు. నేను వాటిని పారేశాను. ఆయన ముఖంలో ఆ క్షణం కనిపించిన నిరాశ నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఏ బండినుంచి తీసిన కవరునైనా, బీడింగునైనా, గుబ్బనైనా గోతంలో కట్టి, బండి నంబరు రాసి, యజమానికే అప్పగిస్తున్నాను. మీరు ఏ మార్పు చేసినా ఆ గోతం మాత్రం మీ ఇంటి అటక మీద ఉండాలి.

చిరిగిన డ్రైవరు సీటు ఒక్కటే సమస్య అయితే మొత్తం మార్చనవసరం లేదు. ఆ రెక్సిన్ చాలా గట్టిది. ముందు సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడిగి చూడండి; సగం ముసలితనం అక్కడే పోతుంది. తోలే కావాలని మీ మనసు కోరితే వేయించుకోండి, అది ఆ రోజుల్లో కంపెనీ కూడా ఇచ్చినదే. కాని పాత కవరు మీద మడతలు లెక్కపెట్టి, అన్నే మడతలు, అంతే వెడల్పుతో కుట్టించండి.

సమాధానం: స్టుట్‌గార్ట్ తెలుగు

మీ ప్రశ్న చదివాక సమాధానం రాయకుండా ఉండలేకపోయాను. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, నా దగ్గర మీ తరానికే చెందిన 1984 నాటి పెట్రోలు బండి 230ఈ ఉంది.

ముందు టాక్సీ రంగు మాట తేల్చుకొందాం. మీ బావగారు చెప్పినది నిజమే. పశ్చిమ జర్మనీలో 1971నుంచి టాక్సీలకు ఆ లేత దంతపు రంగు నిబంధనగా వచ్చింది. మెర్సిడెస్ పట్టికలో దాని సంఖ్య 623. అయితే అంతకు ముందు ఇక్కడి టాక్సీలన్నీ నల్లగా ఉండేవి. మీరు టాక్సీ రంగును తప్పించుకోవాలని ఏ నలుపు వేయించాలనుకొన్నారో, ఆ నలుపే వాటి పాత రంగు. కనుక ఆ ముల్లును మనసులోంచి తీసేయండి. మీ రేడియేటరు దగ్గర అడ్డపట్టీ మీద ఒక చిన్న రేకు ఉంటుంది, దాని మీద 623 అని ఉందేమో చూసుకోండి. కువైట్ ఎండలో ఆ లేత రంగును కోరి ఎంచుకొన్నవారు తెలివిగల మనిషి అని నాకు అనిపిస్తుంది.

మెరుపు లేని నలుపు మీద నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. డబ్ల్యూ123 పక్కభాగం చూస్తే పెద్ద వంపులు ఏమీ ఉండవు. ముందు దీపం పక్కనుంచి వెనక దీపం దాకా వెళ్ళే ఒక సన్నని అంచు, దాని కింద పడే పలుచని నీడ, అంతే. ఆ నీడ లేత రంగు మీద స్పష్టంగా కనపడుతుంది. మెరుపు లేని నలుపు వెలుగును మింగేస్తుంది కనుక ఆ అంచు మాయమై, బండి ఒకే ముద్దలా కనపడుతుంది. క్రోమును నల్లబరిస్తే, కిటికీల చుట్టూ గీసిన గీత కూడా పోతుంది.

1975లో మెర్సిడెస్ రూపకల్పన విభాగానికి అధిపతి అయిన బ్రూనో సాకో ఒక సూత్రం పాటించేవారు: కొత్త నమూనా వచ్చినంత మాత్రాన దాని ముందరి నమూనా పాతబడినట్టు కనపడకూడదు. మీ చక్రాల విషయంలో ఈ సూత్రం సరిగ్గా వర్తిస్తుంది. పదిహేడు అంగుళాల కొత్త చక్రం బిగించగానే ఆ చక్రం కొత్తగా కనపడుతుంది, దాని పైనున్న బండి అంతా ఒక్కసారిగా ముసలిదైపోతుంది. మీ బండికి కంపెనీ ఇచ్చినవి పద్నాలుగు అంగుళాల ఉక్కు చక్రాలు, వాటి మీద బండి రంగులోనే ఉండే గుండ్రని టోపీలు. చక్రం టోపీకి బండి రంగు వేయడమనే ఆ చిన్న ఆలోచన వల్లనే ఆ కారు నేలకు ఆనుకొని నెమ్మదిగా కూర్చున్నట్టు ఉంటుంది. పైగా టైరు గోడ ఎత్తుగా ఉండడం ఆ సస్పెన్షనులో ఒక భాగం. పలుచని టైరు వేస్తే మీ మియాపూర్ స్పీడ్ బ్రేకర్లు ప్రతి ఒక్కటీ నేరుగా మీ నడుముకు తెలుస్తాయి. 72 గుర్రాల శక్తి ఉన్న డీజిల్ ఇంజనుకు వెడల్పు టైర్లు లాగడం కూడా బరువే.

మార్పు అసలే వద్దని నా అభిప్రాయం కాదు. జర్మనీలో 30 ఏళ్ళు దాటి, మంచి స్థితిలో ఉన్న బండికి నంబరు చివర హెచ్ అక్షరంతో చారిత్రక వాహనపు ప్లేటు ఇస్తారు. 1997నుంచి ఈ పద్ధతి ఉంది, దానికి ఏటా కట్టే పన్ను 191.73 యూరోలు. ఆ పరీక్షలో మార్పులను గుడ్డిగా కాదనరు. బండి రోడ్డెక్కిన మొదటి పదేళ్ళలో చేసిన మార్పును, లేదా ఆ కాలంలో మామూలుగా చేస్తుండిన మార్పును అంగీకరిస్తారు. అభిరుచి విషయంలో కూడా ఇంతకన్నా మంచి గీటురాయి నాకు కనపడలేదు. 1992 లోపల ఒక మంచి అభిరుచి గల మనిషి ఈ 240డికి ఏమి చేయించి ఉండేవాడు? బహుశా ఫుక్స్ కంపెనీ పోతపోయకుండా సాగగొట్టి తయారుచేసిన పద్నాలుగు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించేవాడు. ఇక్కడివాళ్ళు వాటి అలంకారం చూసి బరోక్ చక్రాలంటారు, కంపెనీయే అదనపు ధరకు ఇచ్చేది. మంచి బెకర్ రేడియో పెట్టించేవాడు. 1967లో ఇద్దరు ఇంజనీర్లు మొదలుపెట్టిన ఏఎంజీ సంస్థ ఆ రోజుల్లో ఐదు కడ్డీల చక్రాలు, స్పాయిలర్లు అమ్మేది, అవి కూడా కాలానికి తగినవే. అయితే వాటిని ఆరు సిలిండర్ల 280ఈ మోయగలదు. డీజిల్ 240కి అవి తొడిగితే బండి చేయలేని వాగ్దానం చేసినట్టు ఉంటుంది.

తెర గురించి ఒక్క మాట. ఆ పెద్ద తెర పట్టాలంటే డాష్‌బోర్డును కోయాలి. బిగించినదాన్ని విప్పవచ్చు, కోసినదాన్ని అతకలేము. పాత రేడియో లోపల బ్లూటూత్ పలక అమర్చేవాళ్ళు ఉన్నారు. బయటికి అదే గుబ్బలు, అదే పచ్చని అంకెలు. స్టీరింగు కుడివైపుకు మార్చడమంటే పెడళ్ళు, స్టీరింగు పెట్టె, డాష్‌బోర్డు, వైపర్లు తుడిచే దిశ అన్నీ మారాలి. దయచేసి ఆ పని చేయకండి. మీ అమ్మగారి సీటు అది.

సమాధానం: విశాఖ220డి

పై ఇద్దరి మాటలూ గౌరవంగా చదివాను, చాలావరకు ఒప్పుకొంటాను. అయినా "ఉన్నది ఉన్నట్టే" అనే వైపుకు తక్కెడ మరీ ఒరిగిపోతున్నట్టు అనిపించి, మరో పక్క కూడా కొంత బరువు పెట్టాలని రాస్తున్నాను.

డబ్ల్యూ123 దాదాపు 27 లక్షలు తయారయ్యాయి. మీ బండి దంతపు రంగులోనే ఉండకపోతే ప్రపంచానికి లోటు ఏమీ రాదు. అంతేకాదు, విలాసవంతమైన కారు అనే మాటకు అర్థమే ఒకప్పుడు యజమాని అభిరుచి ప్రకారం చేయించుకొన్న కారు అని. రెండో ప్రపంచయుద్ధం ముందు రోల్స్ రాయిస్ సంస్థ చట్రం, ఇంజను మాత్రమే ఇచ్చేది. పైనున్న ఒడలును కొన్నవారు తమకు నచ్చిన బాడీ తయారీదారు దగ్గర కట్టించుకొనేవారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు ఆ పసుపుపచ్చని సిల్వర్ ఘోస్టును చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించమన్నారు, లండన్‌లోని బార్కర్ సంస్థ దాని బాడీ కట్టింది, అది చేరేలోపే 1911లో ఆయన కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆ పసుపు ఏదో కంటికి ఇంపుగా ఉందని వేసిన రంగు కాదు, అది ఆసఫ్ జాహీల జెండా రంగు. ఇంగ్లండు వీధుల్లో అలాంటి పసుపు వింతగా ఉంటుంది. ఆ ప్యాలెస్ ముందు నిలబెడితే అది తప్ప ఇంకో రంగు ఊహకు రాదు.

ఇంకో ఉదాహరణ జాన్ లెనన్ ఫాంటమ్ 5. 1965లో నల్లగా వచ్చిన ఆ రోల్స్ రాయిస్‌కు 1967లో ఆయన పసుపు నేల మీద పువ్వులు, తీగలు, సంత బండ్ల మీద వేసే రకం చుట్టలు వేయించారు. అది ఇప్పుడు కెనడాలోని విక్టోరియా నగరంలో రాయల్ బ్రిటిష్ కొలంబియా మ్యూజియం దగ్గర ఉంది. అసలు రంగు నలుపే కదా అని ఎవరైనా ఈ రోజు దానికి నలుపు వేస్తే, ఆ చరిత్రను చెరిపేసినట్టే అవుతుంది. కాబట్టి మార్పు కూడా ఒక్కోసారి అసలు రూపమే అవుతుంది.

అయితే ఆ రెండు కార్లలోనూ రంగు వెనుక ఒక మనిషి ఉన్నాడు, ఒక కారణం ఉంది. మీరు వర్ణించిన మెరుపు లేని నలుపు, పదిహేడు అంగుళాల చక్రాలు, గళ్ళ కుట్టు, ఈ మూడూ ఈ రోజు ఏ ఊళ్ళో ఏ గ్యారేజీకి వెళ్ళినా చూపించే జాబితాలోనివి. మూడో రోజు ఆ బొమ్మలో ఎవరి బండో తెలియలేదని మీరే రాశారు. మార్చాలనుకోవడం తప్పు కాదు. ఆ మార్పులో మీరు లేకపోవడం వల్లనే మీకు అలా అనిపించి ఉంటుంది.

నేను చేసినది చెబుతాను. నా బండి 1973 నాటి 220డి, మీ కారుకు ముందరి తరం. దాని గేరు గుబ్బ పగిలిపోయింది. మా జిల్లా పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది కదా, అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. ఒక పనివారి దగ్గరికి పాత గుబ్బ పట్టుకొని వెళ్ళి, అదే కొలతలో అంకుడు కర్రతో ఒకటి తిప్పించాను. మెరూన్ లక్క పూయించాను, కారు నేల తివాచీ రంగు అది. చూడడానికి ఎంతో బాగుంది. ఏప్రిల్‌లో రామకృష్ణా బీచ్ దగ్గర రెండు గంటలు ఎండలో నిలిపి వచ్చి గేరు వేస్తే, లక్క మెత్తబడి అరచేతికి అంటుకొంది. లక్క వేడికి కరిగే పదార్థమని తెలిసీ ఆలోచించకపోయాను. తరువాత లక్క లేకుండా వట్టి కర్ర గుబ్బ చేయించి నూనె పట్టించాను. మూడేళ్ళలో చేతి చెమటకు అది తేనెరంగుకు తిరిగింది. బండిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ ముందు దానిమీదే చెయ్యి వేస్తారు. పాత గుబ్బ ముక్కలు డబ్బాలో దాచి ఉంచాను, కనుక చాదర్‌ఘాట్ వారి గోతం నియమానికి కూడా నేను లోబడే ఉన్నాను.

ఎల్ఈడీ బల్బుల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. పాత దీపం వెనకనున్న అద్దపు గిన్నె ఫిలమెంటు సరిగ్గా ఒక చోట ఉంటుందనే లెక్కతో తయారైంది. అందులో ఎల్ఈడీ వేస్తే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, నీలి తెలుపు కాంతి ఆ బండి ముఖానికి కూడా నప్పదు. మీకు వెలుతురు తక్కువగా ఉందంటే బల్బు తప్పు కాకపోవచ్చు. నలభై ఏళ్ళ తీగలు, స్విచ్చు దాటి వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీనుంచి నేరుగా తీగ లాగి, స్విచ్చు బదులు దీపాల కరెంటును తామే మోసే రిలేలు పెట్టించండి. బయటికి ఏమీ కనపడదు, రోడ్డు మాత్రం కనపడుతుంది.

మియాపూర్240డి

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పుకోవాలో తెలియడం లేదు. ఈ ఉదయం బానెట్ ఎత్తి చూశాను, రేకు మీద 623 అనే ఉంది. నలుపు ఆలోచన మానుకొన్నాను. పెద్ద చక్రాలు, తెర, కుడి స్టీరింగు కూడా మానుకొన్నట్టే. ఫుక్స్ చక్రాలు మాత్రం మనసులో మెదులుతున్నాయి.

నిన్న రాత్రి అమ్మకు ఇవన్నీ వివరించి, నీకు ఏ రంగు ఇష్టమని అడిగాను. రంగు గురించి ఆమె ఏమీ అనలేదు. ఏసీ చల్లగా వస్తుందా, కుడివైపు కూర్చున్నవాళ్ళకు కూడా ఒక అద్దం పెట్టించగలవా అని అడిగింది. చూసి చెప్పే పని ఇంకా తనదే అనుకొంటోంది.

ఒక సందేహం మిగిలింది. పైకప్పు, బానెట్ మళ్ళీ రంగు వేయక తప్పదు. కొత్త రంగు మిగతా ఒంటితో కలవకుండా అతుకులా కనపడుతుందేమో అన్న భయం ఉంది.

చాదర్‌ఘాట్ సీట్లపని

రంగు పని చేసే మా అన్నయ్యను అడిగి రాస్తున్నాను. ఆ కాలంలో లోహపు మెరుపు లేని మామూలు రంగులను ఒకే పూతగా కొట్టేవారు, దాని మీద పారదర్శకమైన క్లియర్ కోటు ఉండేది కాదు. ఇప్పుడు ఏ గ్యారేజీకి ఇచ్చినా అలవాటు కొద్దీ రంగు మీద క్లియర్ కొడతారు. అప్పుడు దంతపు రంగు గాజు వెనకనుంచి చూసినట్టు మెరుస్తుంది, పాత తలుపుల పక్కన అది వేరే బండిలా ఉంటుంది. క్లియర్ లేని, గట్టిపరిచే ద్రవం కలిపి ఒకే పూతగా కొట్టే 2కే రంగే కావాలని ముందే గట్టిగా చెప్పండి. సంఖ్య 623 అయినా డబ్బాలో కలిపిన రంగును నమ్మవద్దు. ఎండ తగలని చోటు ఒకటి వెతకాలి. డిక్కీలో స్టెపినీ కింద, లేదా తలుపు ప్యాడ్ విప్పితే లోపలివైపు, ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. దానికి, ఎండిన తలుపు పైభాగాన్ని పాలిష్ చేశాక వచ్చే రంగుకు మధ్యన కలపమనండి. తుప్పు పట్టిన రేకును కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాలి తప్ప పుట్టీతో మూయనివ్వకండి. ఇది అందానికి, ఆయుష్షుకు రెండింటికీ సంబంధించినది.

ఏసీలో పాత గ్యాసు బదులు ఇప్పటి 134ఏ గ్యాసుకు తగ్గట్టు గొట్టాలు, సీళ్ళు మార్పించడం మంచి మార్పు. కండెన్సరు పెద్దది వేయించినా గ్రిల్లు వెనక అది కనపడదు.

స్టుట్‌గార్ట్ తెలుగు

అమ్మగారి అద్దం గురించి: ఆ బండికి రెండువైపులా బయటి అద్దాలు కంపెనీయే ఇచ్చేది, కనుక కుడివైపుది లేకపోతే అసలు భాగమే దొరుకుతుంది, తలుపుకు పరాయి అద్దం కోసం చిల్లులు పెట్టించకండి. ఎదురుగా వచ్చే బండిని చూడడానికి మాత్రం అద్దం పనికిరాదు, దానికి అమ్మగారి కళ్ళే కావాలి. స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాఖ్‌లో 1993నుంచి మెర్సిడెస్ వారి క్లాసిక్ సెంటర్ ఉంది. పాత నమూనాల విడిభాగాల గురించి అక్కడ ఆరా తీయవచ్చు. మీ ఛాసిస్ నంబరు ఇక్కడ బహిరంగంగా రాయకుండా నాకు విడిగా పంపితే వెళ్ళి కనుక్కొంటాను.

విశాఖ220డి

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకొంటుంది, రంగు మారిస్తే కూడా ఆర్టీవో దగ్గర నమోదు చేయించాలి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండికి వింటేజ్ నమోదు దొరుకుతుంది. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. దానికింద నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు కనుక మీరు ఇప్పుడే తొందరపడనవసరం లేదు, మీ బండికి ఆ వయసు 2032లో వస్తుంది. కాని ఈ రోజు ఏది కోయించుకొన్నా అది ఆ రోజు లెక్కకు వస్తుంది.

ఫుక్స్ చక్రాలు వేయించుకోండి. మీ ఉక్కు చక్రాలు, టోపీలు భద్రంగా దాచుకోండి.

మియాపూర్240డి

చాదర్‌ఘాట్ గారూ, మీరు చెప్పినట్టు ఎండ తగలని చోటు వెతికాను. వెనక సీటు దిండు పైకి లేపితే కింద మడతలో రెక్సిన్ అసలు రంగు కనపడింది. నేను ఇన్నాళ్ళూ ఖర్జూరం రంగు అనుకొన్నది ఎండకు వెలిసిన రంగు; అసలుది ఇంకా ముదురుగా, కొంచెం ఎరుపు కలిసి, కొత్త బెల్లం పాకంలా ఉంది. నాకు గోధుమరంగు తోలు అక్కరలేదు. ఆ మడతనుంచి రెండంగుళాల ముక్క కత్తిరించకుండా, సీటు దిండునే ఊడదీసి శనివారం మీ దగ్గరికి తెస్తాను. రంగు కలిసే రెక్సిన్ దొరికితే డ్రైవరు సీటు ఒక్కటే కుట్టండి. మడతలు లెక్కపెట్టడానికి అమ్మ కూడా వస్తానంటోంది.